పడిపోయిన స్నేహితుడి కోసం ఫోన్ చేస్తే శిక్షా?

కాలేజీలు తెరిచే నెలలు వచ్చాయంటే మన ఇళ్లలో సూట్‌కేసులు సర్దుకునే హడావుడి మొదలవుతుంది. హోసూరు నుంచి బెంగళూరుకు, బరంపురం నుంచి భువనేశ్వర్‌కు, షోలాపూర్ నుంచి పుణెకు, యానాం నుంచి కాకినాడకో పుదుచ్చేరికో పిల్లలు బయలుదేరతారు. ఆవకాయ సీసా చుట్టూ మూడు ప్లాస్టిక్ కవర్లు చుడతాం. హాస్టల్ చూడటానికి వెళ్లినప్పుడు మెస్‌లో అన్నం ఎలా ఉంటుంది, ర్యాగింగ్ ఉందా, వైఫై వస్తుందా అని అడుగుతాం. ఒక్క ప్రశ్న మాత్రం నోటికి రాదు. అర్ధరాత్రి రెండు గంటలకు పక్క మంచం మీద పిల్లవాడు ఏదో మింగో తాగో స్పృహ తప్పి పడి ఉంటే, మా అబ్బాయి ఎవరికి ఫోన్ చేయాలి? చేస్తే వాడికేమవుతుంది?

మా దూరపు బంధువుల అబ్బాయి ఒకడు బెంగళూరులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతుండగా ఇది జరిగింది. పుట్టినరోజు పార్టీ. అందరూ తాగారు. వాడు తాగిన దానిమీద నిద్రమాత్రలో నొప్పి మాత్రలో కొన్ని వేసుకున్నాడు. ఏమిటన్నది తర్వాత కూడా ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. పదకొండున్నరకు పడిపోయాడు. గురక వస్తోంది కదా, నిద్రపోతున్నాడులే అనుకున్నారు స్నేహితులు. ఫ్యాను వేసి, వెల్లకిలా పడుకోబెట్టి, నిమ్మకాయ పిండి నోట్లో పోశారు. నాలుగు గంటలు గడిచాక గోళ్లు రంగు మారడం చూసి ఇద్దరు కుర్రాళ్లు వాణ్ణి ఎత్తుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. 108కి ఎందుకు చేయలేదని వాళ్ల నాన్న అడిగితే, అంబులెన్స్ వస్తే గేటు దగ్గర రిజిస్టర్‌లో పేర్లు రాయాలని, పొద్దున్నకల్లా ప్రిన్సిపాల్‌కు తెలిసిపోతుందని చెప్పారట. నోట్లో పోసినదీ కక్కినదీ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చింది. పదకొండు రోజులు ఐసీయూలో ఉండి బతికాడు.

ఆ తర్వాత కాలేజీ చేసిన పని గురించే ఈ వ్యాసం. ఆసుపత్రికి తీసుకెళ్లిన ఇద్దరినీ హాస్టల్ నుంచి పంపించేశారు. పార్టీలో ఉండి, వాడు పడిపోగానే తలుపు దగ్గరికి వేసుకుని తమ గదుల్లోకి వెళ్లిపోయిన నలుగురికీ ఏమీ కాలేదు. వాళ్లు అక్కడ ఉన్నట్టు రుజువు లేదు మరి. తర్వాతి బ్యాచ్ ఏ పాఠం నేర్చుకుని ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

మత్తుపదార్థాల గురించి మన దగ్గర వచ్చే వార్తలన్నీ పట్టివేతల వార్తలే. ఇన్ని కిలోల గంజాయి, ఇంతమంది విద్యార్థుల అరెస్టు. 2023 జనవరిలో మంగళూరులో గంజాయి కేసులో వైద్య విద్యార్థులు, వైద్యులు కూడా అరెస్టయినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో వారం రోజులు అదే చర్చ. పోలీసుల పని పోలీసులు చేయాలి, దానితో పేచీ లేదు. కానీ సరఫరాను అడ్డుకోవడం ఒక పని, ఇప్పటికే మింగేసి నేల మీద పడి ఉన్న పిల్లవాణ్ణి తెల్లారేదాకా బతికించడం మరో పని. ఈ రెండో పనికి మన క్యాంపస్‌లలో ఎవరూ బాధ్యులు కారు. దీన్నే ప్రపంచంలో చాలాచోట్ల హాని తగ్గించే విధానం అంటున్నారు. మనిషి మానేస్తే మంచిదే, మానేలోపు చావకూడదు అన్నది దాని సారాంశం. మన దేశానికి ఇది కొత్తేమీ కాదు. 1990లలోనే హెచ్‌ఐవీ భయంతో మణిపూర్‌లో ఈ పని మొదలైంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ సూదులతో మత్తు ఎక్కించుకునేవారికి శుభ్రమైన సూదులు, ప్రత్యామ్నాయ మందులు ప్రభుత్వ ఖర్చుతోనే ఇస్తోంది. క్యాంపస్‌ల గేటు దగ్గరే ఆ ఆలోచన ఆగిపోయింది.

ఎంత మంది పోతున్నారు? జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల్లో 2022లో మత్తుమందు మోతాదు మించి చనిపోయినవారు దేశం మొత్తం మీద 681 మంది. నూట నలభై కోట్ల దేశానికి ఈ సంఖ్య నమ్మడం కష్టం. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం నల్లమందు, హెరాయిన్, నొప్పి మాత్రల వంటి ఓపియాయిడ్ తరగతి మత్తు వాడేవారే 2 కోట్లకు పైన ఉన్నారు. సూదితో ఎక్కించుకునేవారు దాదాపు 8.5 లక్షలు. గుండె ఆగి మృతి అనో, అనుమానాస్పద మృతి అనో కాగితం మీద రాసేస్తే లెక్కలోకి రాదు. ఇంటివాళ్లు కూడా అలా రాయించుకోవడానికే ఇష్టపడతారు. మనమైనా అదే చేస్తామేమో.

ఇక భయం దగ్గరికి వద్దాం. పిల్లల భయం ఉత్తిదేమీ కాదు. ఎన్‌డీపీఎస్ చట్టం, 1985లోని 27వ సెక్షన్ ప్రకారం మత్తుమందు వాడటమే నేరం. హెరాయిన్, కొకైన్, మార్ఫిన్ లాంటివైతే ఏడాది దాకా జైలు లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మిగతా వాటికి ఆరు నెలలు లేదా 10,000. అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ కూడా ఉంది. మత్తుకు బానిసైన వ్యక్తి తనంతట తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స తీసుకుంటే వాడకం, కొద్దిపాటి మోతాదు కేసుల నుంచి మినహాయింపు ఇస్తుంది. మంచి సెక్షనే. కానీ అది బానిసైనవాడికి. మొదటిసారి ఒక మాత్ర వేసుకుని పడిపోయినవాడు బానిస కాడు. ఫోన్ చేసిన స్నేహితుడు అసలే కాడు. వాడు కూడా ఆ రాత్రి ఒక దమ్ము లాగి ఉంటే, అంబులెన్స్‌ను పిలవడమంటే తన మీద తానే సాక్ష్యం ఇచ్చుకోవడమని అనుకుంటాడు. ఆసుపత్రిలో ఇలాంటి కేసు వస్తే మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకు కబురు పెట్టడం మామూలు కాబట్టి, ఆ అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు.

2021లో చిన్న మోతాదుతో దొరికినవారిని జైలుకు కాక చికిత్సకు పంపాలని సామాజిక న్యాయ శాఖ ప్రతిపాదించినట్టు వార్తలొచ్చాయి. అదే ఏడాది చివర పార్లమెంటు ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించింది కూడా. ఆ సవరణ చట్టంలో దొర్లిన ఒక అంకె పొరపాటును సరిదిద్దింది, అంతే.

ఇదే దేశం రోడ్డు ప్రమాదాల విషయంలో ఏం చేసిందో చూడండి. రక్తపు మడుగులో మనిషి పడి ఉంటే, ముట్టుకుంటే కోర్టుల చుట్టూ తిరగాలని జనం పక్కనుంచి వెళ్లిపోయేవారు. 2016లో సుప్రీంకోర్టు సాయం చేసినవారికి రక్షణ కల్పించే మార్గదర్శకాలను తప్పనిసరి చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. గాయపడినవాణ్ణి ఆసుపత్రిలో చేర్చి, తన పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోవచ్చు. ఆత్మహత్యాయత్నం విషయంలోనూ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఇదే దయ చూపింది. ఆ వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, విచారణ పేరుతో వేధించకూడదు అంది. లారీ గుద్దినవాణ్ణి ఎత్తుకెళ్లిన వ్యక్తికి ఉన్న రక్షణ, మత్తు ఎక్కువైనవాణ్ణి ఎత్తుకెళ్లిన హాస్టల్ కుర్రాడికి లేదు. తర్కం ఒకటే, భయం ఒకటే, పోయే ప్రాణమూ ఒకటే.

చట్టం మారేదాకా కాలేజీ చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. పోలీసు కేసు కాలేజీ చేతుల్లో లేకపోవచ్చు, సస్పెన్షన్ మాత్రం పూర్తిగా దాని చేతుల్లోనే ఉంది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం 2002లోనే ఈ పని చేసింది. మద్యం ఎక్కువై ఎవరైనా పడిపోతే, సాయం కోసం ఫోన్ చేసిన విద్యార్థి మీదా పడిపోయిన విద్యార్థి మీదా క్రమశిక్షణ చర్య ఉండదని, బదులుగా కౌన్సెలింగ్‌కు రావాలని రాతపూర్వకంగా చెప్పింది. ఆ తర్వాతి రెండేళ్లలో అత్యవసర ఫోన్లు పెరిగాయి. పడిపోయి కోలుకున్నవారిలో కౌన్సెలింగ్‌కు వచ్చేవారి సంఖ్య కూడా గట్టిగా పెరిగింది. ఫోన్లు పెరిగాయంటే తాగుడు పెరిగిందని కొందరు వాదిస్తారు. తలుపు వెనక జరిగేది బయటికి రావడం మొదలైందని నేను అనుకుంటాను. అమెరికా రాష్ట్రాల్లో న్యూమెక్సికో 2007లో ఇలాంటి రక్షణను మత్తుమందులకు వర్తింపజేస్తూ మొదటి చట్టం చేసింది. ఇప్పుడు దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఉంది.

అమెరికా సంగతి ఎత్తాం కాబట్టి, ఈ ఏడాది అక్కడికి పిల్లల్ని పంపుతున్నవారు ఇంకొంచెం తెలుసుకోవాలి. అక్కడి ప్రమాదం వేరే రకం. ఫెంటానిల్ అనే ఓపియాయిడ్ 2 మిల్లీగ్రాములు, అంటే పెన్సిల్ మొన మీద పట్టేంత, మనిషిని చంపగలదు. పరీక్షల ముందు మేలుకోవడానికనో, నిద్ర పట్టడానికనో తోటివాళ్ల దగ్గరో ఆన్‌లైన్‌లోనో కొనే మాత్ర చూడ్డానికి అచ్చం కంపెనీ మాత్రలాగే ఉంటుంది. అక్కడి మత్తుమందుల నియంత్రణ సంస్థ డీఈఏ 2023లో తాను పట్టుకున్న నకిలీ మాత్రలను పరీక్షిస్తే పదింటిలో ఏడింటిలో ప్రాణం తీయగలిగేంత ఫెంటానిల్ ఉంది. మరుసటి ఏడాదికి అది పదింటిలో ఐదుకు తగ్గింది. అంటే అక్కడ చనిపోవడానికి వ్యసనపరుడు కానక్కర్లేదు. డాక్టరు చీటీ లేకుండా ఒక్క మాత్ర కొన్నా చాలు.

అందుకే కాలిఫోర్నియా 2022లో క్యాంపస్ ఓపియాయిడ్ సేఫ్టీ యాక్ట్ అనే చట్టం తెచ్చింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, కమ్యూనిటీ కాలేజీల ఆరోగ్య కేంద్రాల్లో నలోక్సోన్ అనే విరుగుడు మందును ఉంచి పంచాలి, కొత్తగా చేరినవారికి మొదటి రోజుల్లోనే దాని గురించి చెప్పాలి. 2023 మార్చిలో నార్కాన్ అనే ముక్కులో కొట్టే నలోక్సోన్ స్ప్రేను చీటీ లేకుండా అమ్మడానికి ఎఫ్‌డీఏ అనుమతించింది. అమెరికాలో మోతాదు మించిన మరణాలు 2023లో సుమారు 1,05,000 ఉండగా 2024లో సుమారు 80,000కు తగ్గాయి. ఈ ఘనత అంతా నలోక్సోన్‌దే అనడం సరికాదు. బజారులో సరుకే మారింది, చికిత్స కూడా పెరిగింది. కానీ అందులో దానికీ వాటా ఉంది. మీ అమ్మాయి అక్కడికి వెళ్లాక ఆరోగ్య కేంద్రంలో అడిగి ఒక స్ప్రే తెచ్చుకుని బ్యాగులో పెట్టుకుంటే తప్పు లేదు. తనకు కాకపోయినా పక్కవాళ్లకు పనికొస్తుంది.

మన దగ్గర ఫెంటానిల్ ఉప్పెన లేదు. ఇక్కడ ప్రమాదం కలగాపులగంలో ఉంది. ఎక్కువసార్లు మద్యం, దాని మీద అల్ప్రాజోలం లాంటి నిద్రమాత్ర, లేదా ట్రమడాల్, టాపెంటడాల్ లాంటి నొప్పి మాత్ర. ట్రమడాల్‌ను 2018లో ఎన్‌డీపీఎస్ పరిధిలోకి తెచ్చారు. టాపెంటడాల్ మాత్రలను నీళ్లలో కరిగించి సూదితో ఎక్కించుకున్న కుర్రాళ్ల కేసులు చెన్నైలో తరచూ వార్తల్లోకి వస్తున్నాయి. ఈ మూడు రకాలూ విడివిడిగా ఊపిరిని నెమ్మది చేసేవే. కలిస్తే ఒకదానికొకటి తోడవుతాయి. చంపేది విషం కడుపులో చేసే పని కాదు, మెదడు ఊపిరి తీయడం మరిచిపోవడం. మా బంధువుల అబ్బాయి గురక అదే. గొంతులో నీళ్లు సుడి తిరుగుతున్నట్టు వచ్చే గురక నిద్ర కాదు. తట్టినా గిల్లినా లేవకపోవడం, ఊపిరి ఆగి ఆగి రావడం, కనుపాపలు సూదిమొనంత కావడం, పెదాలూ గోళ్లూ నీలంగానో, మనలాంటి చామనఛాయ ఒంటి మీద బూడిదరంగుగానో మారడం గుర్తులు. అన్నీ ఉండాలని లేదు.

అప్పుడు మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్లు, చన్నీళ్ల స్నానం ఏవీ వద్దు. మింగలేనివాడి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఊపిరి తీస్తుంటే ఒక పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టాలి, కక్కినా గొంతుకు అడ్డం పడదు. ఊపిరి ఆగితే నోటితో ఊదాలి, నాడి అందకపోతే ఛాతీ మీద నొక్కాలి. 108కి ఫోన్ చేసి, మనిషి ఊపిరి తీయడం లేదని మొదటి మాటగా చెప్పాలి. ఒంటరిగా వదలకూడదు. ఈ నంబరు కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, పుదుచ్చేరి, ఆంధ్ర, తెలంగాణ అన్నిచోట్లా పనిచేస్తుంది.

నలోక్సోన్ మన దేశంలో కొత్త మందు కాదు. ఇంజెక్షన్ రూపంలో జాతీయ అత్యవసర మందుల జాబితాలోనే ఉంది. మోతాదు మించడాన్ని కళ్లారా చూసే అవకాశం ఉన్నవారి చేతికి ఈ మందు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే సిఫార్సు చేసింది. అది రెండు మూడు నిమిషాల్లో పనిచేస్తుంది. పొరపాటున ఓపియాయిడ్ తీసుకోనివాడికి ఇచ్చినా హాని చేయదు. కానీ మద్యానికి, నిద్రమాత్రలకు అది విరుగుడు కాదు. పైగా గంట, గంటన్నరలో దాని ప్రభావం దిగిపోయి మనిషి మళ్లీ మునిగిపోవచ్చు. కాబట్టి లేచి కూర్చున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అయిదు వేల మంది ఉండే క్యాంపస్ డిస్పెన్సరీలో నాలుగు ఆంప్యూల్స్, ఒక ఆక్సిజన్ సిలిండర్, రాత్రిపూట అవి వాడటం తెలిసిన ఒక నర్సు ఉండటం గొంతెమ్మ కోరిక కాదు.

ఇక్కడ మన భాష తెచ్చిపెట్టే ఒక చిక్కు చెప్పాలి. అబ్బాయి గది నుంచి ఇంటికి ఫోన్ వస్తుంది, ఆంటీ, వాడికి మందు ఎక్కువైంది అని. తెలుగులో మందు అంటే డాక్టరు రాసిన మాత్ర, మందు అంటే బ్రాందీ, మందు తాగాడంటే పల్లెల్లో పురుగుల మందు. మూడింటికీ చికిత్స వేరు. తల్లి కంగారులో ఏదో ఒకటి అర్థం చేసుకుంటుంది. దాన్ని కన్నడంలోనో తమిళంలోనో క్యాజువాలిటీ డాక్టరుకు ఫోన్‌లో చెబుతుంది. అక్కడ ఆయన మొట్టమొదట అడిగేవి ఏం తీసుకున్నాడు, ఎంత, ఎప్పుడు అన్నవే. ఖాళీ స్ట్రిప్పు, సీసా జేబులో వేసుకుని వెళ్లమని స్నేహితులకు చెప్పడం సగం వైద్యం. వాటిని దాచేయమనే మనవాళ్లు చెబుతారు, పరువు కోసం. ప్రైవేటు ఆసుపత్రి పోలీసు కేసని వెనక్కి పంపబోతే, ముందు ప్రాణం, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పిందని గుర్తు చేయండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పట్టుబడిన పిల్లవాణ్ణి ఇంటికి తెచ్చి, లేదా మాన్పించే కేంద్రంలో ఉంచి, రెండు మూడు నెలలు శుభ్రంగా గడిపాక మళ్లీ హాస్టల్‌కు పంపుతాం. అసలు గండం అప్పుడే. ఒళ్లు అలవాటు తప్పి ఉంటుంది, చెయ్యి మాత్రం పాత లెక్కే గుర్తుపెట్టుకుంటుంది. మునుపటి మోతాదే ఇప్పుడు ఎక్కువ మోతాదు అవుతుంది. మానేశాడు కదా అని ఊపిరి పీల్చుకునే ఇంట్లోనే ఈ మాట వాడితో సూటిగా మాట్లాడాలి. అది ప్రోత్సహించడం కాదా అని నన్నొక తండ్రి అడిగారు. నిజమే, వినడానికి అలాగే ఉంటుంది. కానీ వాడు మళ్లీ తప్పటడుగు వేస్తే ఆ అడుగే చివరిది కాకూడదని చెప్పడానికి వేరే మర్యాదైన మాట నాకు దొరకలేదు.

సాయం మన ఊళ్ల దగ్గరే ఉంది. బెంగళూరులో నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. చెన్నైలో 1980 నుంచి టీటీకే ఆసుపత్రి, పుణెలో 1986 నుంచి ముక్తాంగణ్ ఈ పనే చేస్తున్నాయి. యానాం వారికి పరిపాలన పుదుచ్చేరిదైనా, అత్యవసరానికి కాకినాడ ప్రభుత్వాసుపత్రే దిక్కు. టెలీ మానస్ నంబరు 14416కు ఏ రాష్ట్రం నుంచైనా రాత్రీ పగలూ ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. మత్తు మానడానికి సలహా ఇచ్చే జాతీయ నంబరు 14446.

కాలేజీల నుంచి మనం అడగాల్సింది ఒక కాగితం. ప్రాణాపాయంలో ఉన్నవాడి కోసం ఫోన్ చేసిన విద్యార్థిని, పడిపోయిన విద్యార్థిని హాస్టల్ నుంచి గానీ తరగతి నుంచి గానీ తీసేయమని, అమ్మినవాడికి మాత్రం ఈ మినహాయింపు లేదని హాస్టల్ నిబంధనల్లో రాయాలి. నోటిమాట కుదరదు, ఆ రాత్రి ఆ కుర్రాడికి గుర్తొచ్చేది నోటీసు బోర్డు మీద చదివిందే. ఒక్క తల్లిదండ్రులు అడిగితే నవ్వి ఊరుకుంటారు. బెంగళూరు, చెన్నై, షోలాపూర్‌లలో మన సంఘాలు ఏటా ప్రతిభా పురస్కారాలకు ఆ కాలేజీల ప్రిన్సిపాళ్లనే పిలిచి శాలువాలు కప్పుతున్నాయి కదా, ఆ వేదిక మీదే అడగవచ్చు.

మొన్న మా మేనకోడలి హాస్టల్‌కు వెళ్లినప్పుడు ఈ కాగితం సంగతి నేనే అడిగాను. వార్డెన్ గారు మంచి మనిషి, విసుక్కోలేదు. అలాంటి నియమం లేదన్నారు. రాత్రి పదకొండు తర్వాత అంబులెన్స్ వస్తే గేటు ఎవరు తీస్తారని అడిగితే, తాళం సెక్యూరిటీ దగ్గర ఉంటుందని, తన సంతకం ఉన్న చీటీ చూపిస్తే తీస్తాడని చెప్పారు. రాత్రిళ్లు ఆవిడ క్యాంపస్‌లో ఉండరు.